ట్యాంకర్ విమానాల కోసం ఇంకో టెండరు వద్దు: రక్షణ మంత్రి గారికి, కొనుగోళ్ళ మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి, రక్షణ కొనుగోళ్ళ మండలి సభ్యులకు,

నమస్కారం.

గాల్లో ఉండగానే యుద్ధ విమానాలకు ఇంధనం నింపే ట్యాంకర్లు మన వాయుసేనకు సొంతంగా ఉన్నవి ఆరే. ఆగ్రా కేంద్రంగా పనిచేసే ఆ ఐఎల్-78లు 2003-04 ప్రాంతంలో మన చేతికి వచ్చాయి. ఇంకో ఆరు కావాలని వాయుసేన అడగడం మొదలై పదిహేనేళ్ళు దాటిపోయింది. ఈలోగా రెండుసార్లు విమానం ఎంపిక పూర్తయి, బేరం దాకా వెళ్ళి, ఫైలు మూతపడింది. ఇప్పుడు మళ్ళీ ఒక ప్రతిపాదన మీ బల్ల మీదికి వచ్చింది. దాన్ని కూడా మూసేసి కొత్త టెండరు పిలవవద్దని, అయితే సంతకం పెట్టే ముందు కొన్ని షరతులు మాత్రం గట్టిగా రాయించుకోమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను వాయుసేన మనిషిని కాను. నా ఉద్యోగ జీవితమంతా పౌర విమానాల నిర్వహణలో గడిచింది. పెద్ద విమానాలను హ్యాంగర్‌లో నిలబెట్టి, విప్పి, పగుళ్ళూ తుప్పూ వెతికి, బాగుచేసి, సంతకం పెట్టి ఎగరడానికి పంపడమే నా పని. ఇప్పుడు మీరు ఆలోచిస్తున్నది పాత ప్రయాణికుల విమానాలను ట్యాంకర్లుగా మార్చి తీసుకోవడం గురించి. ఆ పనిలో పైకి కనబడని చిక్కులు ఎక్కడుంటాయో హ్యాంగర్‌లో పనిచేసినవాళ్ళకు తెలుస్తుంది. అందుకే చొరవ తీసుకుంటున్నాను.

ముందుగా, ట్యాంకర్ అంటే దూర ప్రయాణాల సౌకర్యం అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి 10,000 అడుగుల పైన ఉంది. అక్కడ గాలి పలచన. రెక్కకు దొరికే ఎత్తుబలం తగ్గుతుంది, ఇంజన్ బలమూ తగ్గుతుంది. మైదానంలో పూర్తి ఇంధనంతో, పూర్తి ఆయుధాలతో లేచే విమానం అక్కడ లేవలేదు. ఇంధనమో ఆయుధమో, ఒకటి తగ్గించుకోక తప్పదు. ట్యాంకర్ ఉంటే ఈ చిక్కు విడిపోతుంది. ఇంధనం తక్కువ, ఆయుధాలు ఎక్కువ పెట్టుకుని పైకి లేచి, గాల్లో ట్యాంకు నింపుకుని సరిహద్దు వైపు తిరగవచ్చు. లేదా బరేలీ, అంబాలా వంటి మైదాన స్థావరాల నుంచే బయల్దేరి గంటల తరబడి పైనే ఉండవచ్చు. టిబెట్ పీఠభూమి మీది స్థావరాల వల్ల చైనాకూ ఇదే ఇబ్బంది. వాళ్ళు తమ వై-20 రవాణా విమానాన్నే ట్యాంకర్‌గా మలచుకుని సేవలోకి తెచ్చుకున్నారు. పాకిస్తాన్ కూడా ఉక్రెయిన్ నుంచి నాలుగు ఐఎల్-78లు తెచ్చుకుంది.

రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మన ఫైటర్ స్క్వాడ్రన్లు 29కి దిగాయి. మంజూరైనవి 42. కొత్త విమానాలు వచ్చి ఈ ఖాళీ నిండడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఉన్న విమానం ఒక్కోటీ గాల్లో రెట్టింపు సేపు ఉండగలిగితే ఆ లోటు కొంత పూడుతుంది. దీనికి రుజువు కూడా మన దగ్గరే ఉంది. 2020 అక్టోబరులో ఒక సుఖోయ్-30 పంజాబ్‌లోని స్థావరం నుంచి బయల్దేరి, దారిలో ఐఎల్-78 నుంచి ఇంధనం తీసుకుని, బంగాళాఖాతంలో ఉన్న లక్ష్యం మీదికి బ్రహ్మోస్ క్షిపణిని వదిలింది. దేశాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు దాటి తూర్పు సముద్రంలో దెబ్బ కొట్టగలమని ఆ రోజు తేలింది. విశాఖలో కూర్చుని సముద్రం వైపు చూసే మా తెలుగువాళ్ళకు అది చిన్న విషయం కాదు.

అదే ఏడాది జులై చివర్లో మొదటి అయిదు రఫేల్‌లు ఫ్రాన్స్‌లోని మెరిన్యాక్ నుంచి అంబాలాకు వచ్చినప్పుడు దారిలో వాటికి ఇంధనం పోసింది ఫ్రెంచి వాయుసేన ట్యాంకర్. ఏ విమానాన్ని మనం రెండుసార్లు ఎంచుకుని రెండుసార్లు వదిలేశామో, ఆ ఎయిర్‌బస్ ఏ330 ఎంఆర్‌టీటీయే అది. ఆ ఫోటోలను దేశమంతా గర్వంగా పంచుకుంది. నాకు మాత్రం ఆ సంతోషం సగమే దక్కింది.

ఆ రెండుసార్లూ ఏమైందో మీకు నేను చెప్పనక్కరలేదు. మొదటిసారి 2009లో ఎంపిక జరిగింది. ధర ఎక్కువని ఆర్థిక శాఖ అభ్యంతరం చెప్పడంతో 2010లో రద్దయింది. రెండోసారి 2013 జనవరిలో అదే విమానం మళ్ళీ ముందుకొచ్చింది. ఈసారి కొనే ధర ఒక్కటే కాక జీవితకాల ఖర్చు కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ ఆలోచన మంచిదే. అయితే బేరం ఏళ్ళ తరబడి తెగక, 2016లో అదీ రద్దయింది. డబ్బు జాగ్రత్త చేయడం తప్పని నేను అనడం లేదు. రద్దు చేసిన ప్రతిసారీ ఉన్న ఆరు విమానాల మీద భారం పెరిగిందని, ఆ భారానికి కూడా ఖరీదు ఉందని మాత్రం అంటున్నాను. ఆ ఖరీదు ఏ టెండరు పట్టికలోనూ కనబడదు.

అది కనబడేది ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలో. 2017లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక ప్రకారం 2010-16 మధ్య మన ఐఎల్-78లు ఎగరడానికి సిద్ధంగా ఉన్నది 49 శాతం మాత్రమే. ఉండాల్సింది 70 శాతం. అంటే ఆరింటిలో ఏ రోజు చూసినా సుమారు మూడే పనికి వచ్చేవి. ఇందులో ఆగ్రా సాంకేతిక సిబ్బంది తప్పు నాకు కనబడదు. ఆ విమానాలు తయారైన తాష్కెంట్ కర్మాగారంలో విమానాల తయారీయే ఆగిపోయింది. ఇంధనం పంపే పాడ్‌లు ఇజ్రాయెల్‌వి, విమానం సోవియట్ కాలపు డిజైన్, విడిభాగాలు రష్యా నుంచి రావాలి. పుట్టిల్లు మూతపడ్డ విమానాన్ని ఎగిరే స్థితిలో ఉంచడం ఎంత కష్టమో ఒక్కసారైనా చేసినవాడికి తెలుసు. ఒక చిన్న వాల్వు కోసం నెలలు ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ వాల్వు లేక పక్క విమానం నుంచి విప్పి దీనికి బిగిస్తారు. అప్పుడు ఆ పక్కది నేలకు అతుక్కుపోతుంది. ఇన్నేళ్ళుగా వాటిని నడుపుతున్నవాళ్ళకు నా నమస్కారం.

ఇక ఇప్పటి ప్రతిపాదన. ఇజ్రాయెల్ ఏరోస్పేస్ ఇండస్ట్రీస్ ఒక్కటే బరిలో మిగిలిందని, వాడిన బోయింగ్ 767 విమానాలు ఆరింటిని సుమారు 8,000 కోట్ల రూపాయలకు ట్యాంకర్లుగా మార్చి ఇస్తుందని 2025 అక్టోబరులో వార్తలొచ్చాయి. 30 శాతం దేశీయ భాగం ఉండాలన్న షరతుకు ఒప్పుకున్నది ఆ సంస్థేనని, మిగతావాళ్ళు తప్పుకున్నారని ఆ కథనాలు చెప్పాయి. ఈ వార్తలు రాగానే రెండు రకాల విమర్శలు విన్నాను. పాత విమానాలా అని కొందరు, టెండరులో ఒకే సంస్థ మిగిలిందా అని మరికొందరు. రెండింటిలోనూ న్యాయం ఉంది. అయితే ఈ రెండూ ఒప్పందాన్ని చించేయడానికి చాలిన కారణాలని నేను అనుకోను.

పాత విమానం సంగతి ముందు చూద్దాం. విమానం వయసును ఏళ్ళతో కొలవకూడదు, సైకిళ్ళతో కొలవాలి. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపితే ఒక సైకిల్. పైకి వెళ్ళినప్పుడు లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్ళు ఉబ్బుతుంది, దిగినప్పుడు తగ్గుతుంది. వేలసార్లు ఇలా జరిగాక రివెట్ల రంధ్రాల అంచుల్లో వెంట్రుకవాసి పగుళ్ళు మొదలవుతాయి. ఇరవై ఏళ్ళు సముద్రాలు దాటే దూర ప్రయాణాలే చేసిన విమానంలో, రోజుకు అయిదారు చిన్న ట్రిప్పులు కొట్టిన పదేళ్ళ విమానం కన్నా ఎక్కువ ప్రాణం మిగిలి ఉండవచ్చు. ట్యాంకర్ జీవితంలో సైకిళ్ళు తక్కువ. ఒకసారి లేస్తే గంటల కొద్దీ పైనే తిరుగుతుంది. కాబట్టి ఎయిర్‌లైన్‌కు లాభం రాని విమానం ట్యాంకర్‌గా ఇంకా చాలా ఏళ్ళు పనికిరావడంలో వింత లేదు. ఆస్ట్రేలియా తన కేసీ-30ఏ ట్యాంకర్ల దళం పెంచుకోవడానికి క్వాంటస్ నడిపిన రెండు ఏ330లను కొని మార్చుకుంది. కొలంబియా వాయుసేన ఇదే ఇజ్రాయెల్ సంస్థ మార్చిన 767ను నడుపుతోంది. మన దేశంలోనే, ఎయిర్ ఇండియా వాడిన ఏ321లను గగనతల నిఘా విమానాలుగా మార్చే పనికి 2021లో కేంద్రం ఆమోదం తెలిపింది.

ఎంపిక మాత్రం జాగ్రత్తగా జరగాలి. పాత ఇల్లు కొనేవాడు గోడల రంగు చూసి మురిసిపోడు, నీళ్ళు కారే చోటు వెతుకుతాడు. విమానంలో నీళ్ళు కారే చోట్లు వంటగది అర, మరుగుదొడ్ల కింది నేల. ఏళ్ళ తరబడి ఒలికిన కాఫీ, పళ్ళరసం, మురుగు నీరు నేల పలకల కిందికి దిగి అడ్డదూలాలను తినేస్తాయి. పైన కొత్త కార్పెట్ వేస్తే ఏమీ తెలియదు. అందుకే అమ్మేవాడి తనిఖీ నివేదికతో సరిపెట్టుకోవద్దు. మన మిలటరీ విమాన ధ్రువీకరణ సంస్థ సెమిలాక్ నుంచి, నాణ్యతా విభాగం నుంచి, వీలైతే ఎయిర్‌లైన్లలో పెద్ద విమానాల మీద పనిచేసి రిటైరైన మావంటి వాళ్ళలోంచి ఒక బృందాన్ని పంపండి. నేల పలకలు విప్పించి చూడనివ్వండి. ఎడారి గాలిలో నిలిపి ఉంచిన విమానానికీ, తేమ ఉన్న తీరంలో నిలిపిన విమానానికీ తేడా రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

కాగితాలు కూడా లోహమంత ముఖ్యం. ఇంజన్ డిస్కులు, ల్యాండింగ్ గేర్ లాంటి ఆయుష్షు పరిమితి ఉన్న ప్రతి భాగానికీ అది తయారైన రోజు నుంచి ఇవాళ్టి దాకా చరిత్ర ఉండాలి. మధ్యలో ఒక్క యజమాని దగ్గర కాగితం పోయినా ఆ భాగాన్ని పక్కన పెట్టాల్సిందే. లండన్ కేంద్రంగా ఒక వ్యాపారి నకిలీ పత్రాలతో ఇంజన్ భాగాలు అమ్మిన సంగతి 2023లో బయటపడి, ప్రపంచమంతటా ఎయిర్‌లైన్లు తమ ఇంజన్లు తెరిచి చూసుకోవాల్సి వచ్చింది. అలాంటిది యుద్ధ సమయంలో మన ట్యాంకర్లకు జరగకూడదు.

ఇంకొకటి. ఆరూ ఒకే రకం ఇంజన్‌తో, కుదిరితే ఒకే ఎయిర్‌లైన్ దగ్గర నుంచి రావాలి. 767కు మూడు కంపెనీల ఇంజన్లు వస్తాయి. ఒకే మోడల్ విమానంలో కూడా ఒక్కో ఎయిర్‌లైన్ వైరింగ్, పరికరాలు తన ఇష్టం వచ్చినట్టు పెట్టించుకుంటుంది. చౌకగా దొరికాయి కదా అని తలో చోటి నుంచి ఏరుకొస్తే, ఆరు విమానాలకు ఆరు రకాల మాన్యువళ్ళు, ఆరు రకాల స్టోర్లు తయారవుతాయి. అది మళ్ళీ 49 శాతానికే దారి తీస్తుంది.

మన ప్రయాణికుల విమాన సంస్థల్లో 767 ఎప్పుడూ పెద్ద సంఖ్యలో లేదు కాబట్టి, ఈ విమానం తెలిసిన మెకానిక్‌లు మన దగ్గర తక్కువ. ఇది నిజమైన లోటే, శిక్షణ ఖర్చును మొదటి రోజు నుంచే లెక్కలో పెట్టాలి. కానీ రెండోవైపు ప్రపంచంలో సరుకు రవాణా సంస్థల దగ్గర వందలాది 767లు ఎగురుతున్నాయి. అమెరికా వాయుసేన కేసీ-46 ట్యాంకర్ కూడా 767 ఆధారంగా చేసిందే, దాని తయారీ ఇంకా సాగుతోంది. విడిభాగాలకు ఒకే దేశం దయ మీద ఆధారపడే పరిస్థితి రాదు. ఐఎల్-78తో మనం పడ్డ బాధ తర్వాత ఇది చాలా పెద్ద ఊరట.

ఆ కేసీ-46 కథ నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఉంది. 2011లో బోయింగ్‌తో స్థిర ధరకు ఒప్పందం కుదిరింది. 767 మీద కొత్త తరహా కెమెరా వ్యవస్థ పెట్టారు. వెనక కిటికీలోంచి చూస్తూ గొట్టాన్ని నడిపే పాత పద్ధతికి బదులు, ముందు కూర్చున్న ఆపరేటర్ తెర మీద చూస్తూ నడపాలి. ఎండ పడినప్పుడు ఆ బొమ్మ సరిగా కనబడక, ఇంధనం తీసుకునే విమానాలకు గీతలు పడే ప్రమాదం వచ్చింది. మొదటి విమానం 2019 జనవరిలో గాని అందలేదు. ఈ కార్యక్రమంలో బోయింగ్ భరించిన నష్టం 700 కోట్ల డాలర్లు దాటింది. అంత పెద్ద కంపెనీకే అంత దెబ్బ తగిలింది. కాబట్టి మంత్రిత్వ శాఖకు నా విన్నపం: ఇప్పటికే ఎగురుతూ రుజువైన వ్యవస్థనే తీసుకోండి. సంతకం తర్వాత కొత్త కోరికలు చేర్చవద్దు.

ఒక్క విషయంలో మాత్రం తగ్గవద్దు. మన ఫైటర్లు, సుఖోయ్ నుంచి తేజస్ దాకా, ట్యాంకర్ వదిలే మెత్తటి గొట్టం చివరి బుట్టలోకి తమ ప్రోబ్‌ను, అంటే ముందుకు పొడుచుకొచ్చిన గొట్టాన్ని, చొప్పించి ఇంధనం తీసుకుంటాయి. 2018 సెప్టెంబరులో తేజస్ మొదటిసారి ఐఎల్-78 నుంచి 20,000 అడుగుల ఎత్తులో 1,900 కిలోల ఇంధనం తీసుకున్నది అలాగే. కానీ మన సీ-17 రవాణా విమానాలు, నౌకాదళం పీ-8ఐలు తీసుకోవాలంటే బూమ్, అంటే ట్యాంకర్ తోక దగ్గర నుంచి ఆపరేటర్ నడిపే గట్టి గొట్టం, కావాలి, అది ఐఎల్-78కు లేదు. హిందూ మహాసముద్రంలో జలాంతర్గాములను వెతికే పీ-8ఐ ఇంకొన్ని గంటలు పైనే ఉండగలగడం తూర్పు నౌకాదళానికి ఎంత అవసరమో మీకు తెలుసు. కాబట్టి కొత్త ట్యాంకర్లకు బూమ్, బుట్టలు రెండూ ఉండాలి. ఖర్చు తగ్గించే పేరుతో బూమ్ తీసేయవద్దు.

టెండరులో ఒకే సంస్థ మిగలడం గురించి. పోటీ లేనప్పుడు అమ్మేవాడు ధర పెంచుతాడన్న భయం సహజం. దానికి మందు రద్దు కాదు, లెక్క విప్పి చూపించమనడం. వాడిన 767 విమానానికి మార్కెట్ ధర ఉంటుంది, మదింపు చేసే సంస్థలు ఉన్నాయి. విమానం ధర వేరు, మార్పిడి పని వేరు, పాడ్‌లు, బూమ్ వేరు, విడిభాగాలు, శిక్షణ వేరుగా రాయించి, ఒక్కోదాన్ని విడివిడిగా బేరమాడండి. కొనే ధర కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 2016 రఫేల్ ఒప్పందంలో దళంలో 75 శాతం విమానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేలా చూసే బాధ్యత అమ్మినవాళ్ళ మీద పెట్టారు. ట్యాంకర్లకు కూడా అదే కావాలి. సిద్ధంగా ఉన్న విమానాలకే నిర్వహణ డబ్బు, లేనివాటికి కోత అని రాసుకుంటే, అమ్మినవాడే విడిభాగాల కోసం పరుగెడతాడు.

30 శాతం దేశీయ భాగం అన్నది కాగితం మీది శాతంగా మిగిలిపోకూడదు. అద్దెకు, భోజనాలకు, రవాణాకు అయిన ఖర్చు కలిపి 30 చూపించడం సులువు. నేను అడుగుతున్నది వేరు. ఆరింటిలో కనీసం చివరి కొన్నింటి మార్పిడి పని మన హ్యాంగర్‌లో, మన చేతులతో జరగాలి. పాడ్‌ల ఓవర్‌హాలింగ్ ఇక్కడే జరగాలి. విమానాల మార్పిడి కోసం మన హెచ్ఏఎల్, ఈ ఇజ్రాయెల్ సంస్థ (ఐఏఐ) 2022 ఏప్రిల్‌లోనే అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని బయటికి తీయండి. మా శంషాబాద్‌లో 737-800 ప్రయాణికుల విమానాలను సరుకు విమానాలుగా మార్చే పనికి జీఎంఆర్ ఏరో టెక్నిక్‌తో కలిసి బోయింగ్ 2023లో ప్రణాళిక ప్రకటించింది. హైదరాబాద్‌కే ఇవ్వమని పట్టుబట్టడం లేదు. నాగపూర్ అయినా, నాసిక్ అయినా, బెంగళూరు అయినా సరే. విమానం ఒంట్లో రంధ్రం కోసి, దూలం బలపరిచి, ఇంధన గొట్టాలు వేసే పని మన పిల్లలు నేర్చుకోవాలి. ఈ ఆరింటి తర్వాత ఇంకా ట్యాంకర్లు కావాలి. అప్పుడు కూడా టెండరు పిలిచి విదేశాల వైపే చూడాలంటే, ఇప్పుడు పెట్టే డబ్బులో సగం వృథా అయినట్టే.

చివరగా అద్దె విమానం. మెట్రియా అనే ప్రైవేటు సంస్థ నుంచి ఒక కేసీ-135 ట్యాంకర్‌ను సిబ్బందితో సహా అద్దెకు తీసుకోవడానికి 2025 మార్చిలో ఒప్పందం చేసుకున్నారు. వాయుసేన, నౌకాదళ పైలట్ల శిక్షణకు అది మంచి నిర్ణయం, ఐఎల్-78ల మీద భారం తగ్గుతుంది. కానీ ఆ రకం విమానాల తయారీ 1965తోనే ఆగిపోయింది. అది నడిపేది పరాయి సంస్థ సిబ్బంది. యుద్ధం వచ్చిన రోజు వాళ్ళను సరిహద్దు దగ్గరికి పంపలేం. అద్దె సాగుతోంది కదా, కొనుగోలుకు తొందరేముంది అన్న మాట ఏ సమావేశంలోనూ వినబడకూడదని కోరుకుంటున్నాను. బ్రిటన్ 2008లో తన ట్యాంకర్లన్నిటినీ 27 ఏళ్ళ ప్రైవేటు ఒప్పందంలో పెట్టింది. పెట్టిన డబ్బుకు తగిన విలువ దక్కిందని రక్షణ శాఖ చూపించలేకపోయిందని వాళ్ళ ఆడిట్ కార్యాలయమే 2010లో తేల్చింది.

కాబట్టి అయ్యా, సంతకానికి ఒక గడువు తేదీ పెట్టి, ఆ తేదీని వచ్చే పార్లమెంటు సమావేశాల్లో సభ ముందు చెప్పండి. విమానాలు చూడటానికి వెళ్ళే బృందంలో పౌర విమాన ఇంజనీర్లకు చోటివ్వండి. పిలిస్తే నాలాంటి రిటైర్డ్ మనుషులు జీతం అడగకుండా టార్చిలైటు పట్టుకుని వచ్చి ఆ నేల పలకల కింద దూరి చూస్తారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత విమాన నిర్వహణ ఇంజనీరు,
హైదరాబాద్